మానుకోట మిర్చి, భూపాలపల్లి బొగ్గు, జనగామ రెక్కలు

2024-25లో తెలంగాణ తలసరి ఆదాయం 3,79,751 రూపాయలు. ఏటా బడ్జెట్‌తోపాటు రాష్ట్ర ప్రభుత్వం బయటపెట్టే సోషియో ఎకనమిక్ ఔట్‌లుక్ పుస్తకం చెప్పిన అంకె ఇది. నలుగురున్న ఇంటికి లెక్కగడితే ఏడాదికి పదిహేను లక్షల పైచిలుకు, నెలకు లక్షా పాతిక వేలు. మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలంలో ఏ తండాకైనా, భూపాలపల్లి జిల్లా పలిమెలలో ఏ గూడేనికైనా, జనగామ జిల్లా దేవరుప్పుల మండలంలో ఏ కూలీల వాడకైనా వెళ్లి ఈ మాట చెప్పండి. నెలకు లక్షా పాతిక వేలు చూసిన ఇల్లు వాడంతా వెతికినా దొరకడం కష్టం.

సగటు అంటే అంతేగా అని సరిపెట్టుకోవచ్చు. కానీ ఈ సగటు ఎక్కడ తయారవుతుందో చూడాలి. హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి, ఈ మూడు జిల్లాలదే రాష్ట్ర ఉత్పత్తిలో 40 శాతానికి పైగా వాటా. గచ్చిబౌలి, మాదాపూర్, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఉన్న శేరిలింగంపల్లి రంగారెడ్డి జిల్లా కిందికి వస్తుంది. అక్కడి సాఫ్ట్‌వేర్ కంపెనీల సంపాదన ఆ జిల్లా ఖాతాలో పడుతుంది కనుక రంగారెడ్డి తలసరి రాష్ట్ర సగటుకు రెట్టింపు దాటిపోయింది. ఇటు పాత వరంగల్ జిల్లా నుంచి చీలిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ సగటుకు దిగువనే ఉన్నాయి. రాష్ట్ర ఆదాయంలో వ్యవసాయం వాటా ఆరో వంతు మాత్రమే. పనిచేసేవాళ్లలో మాత్రం నూటికి నలభై మందికి పైగా దాని మీదే బతుకుతున్నారు. వ్యవసాయం తప్ప వేరే ఆసరా లేని జిల్లా ఏదైనా ఈ లెక్కలో అడుగునే ఉంటుంది.

వెనుకబడిన జిల్లా అనగానే అక్కడ ఏమీ పండదు, ఏమీ తయారుకాదు, జనానికి పని చేతకాదు అన్నట్టు మాట్లాడేవాళ్లున్నారు. ఈ మూడు జిల్లాల్లో ఆ మాట నిలవదు. ఇక్కడ బొగ్గు ఉంది, కరెంటు ఉంది, దేశదేశాలకు వెళ్లే మిర్చి ఉంది, ఇనుప రాయి ఉంది, గోదావరి ఉంది, హైదరాబాద్‌ను కట్టిన చేతులున్నాయి. వీటి ఫలం ఎక్కడ జమ పడుతోందన్నదే ఇక్కడి కష్టం.

భూపాలపల్లిలో అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పట్టణం చుట్టూ సింగరేణి గనులు. కొన్ని భూగర్భ గనులు, కొన్ని ఓపెన్‌కాస్టులు. పక్కనే గణపురం మండలం చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. 2010లో 500 మెగావాట్లతో మొదలై, 2016లో ఇంకో 600 మెగావాట్లు తోడై 1,100 మెగావాట్లకు చేరింది. మల్హర్‌రావు మండలంలో జెన్‌కోకు తాడిచెర్ల బొగ్గు గని ఉంది. జిల్లా స్థూల ఉత్పత్తిని లెక్కగట్టేటప్పుడు తవ్విన బొగ్గు విలువ, ఉత్పత్తి అయిన కరెంటు విలువ ఈ జిల్లాదిగానే రాస్తారు. అందుకే భూపాలపల్లి అంకె ఇరుగుపొరుగు జిల్లాలకంటే కాస్త పైకి లేచి కనిపిస్తుంది. దాన్నే జనాభాతో భాగించి తలసరి ఆదాయం అంటారు. ఆ ఆదాయం జిల్లాలోని మనుషుల చేతికి వచ్చిందా లేదా అని ఆ లెక్క అడగదు. అడగడం దాని పనీ కాదు. జిల్లా గీతల లోపల ఎంత విలువ పుట్టిందో చెప్పి ఊరుకుంటుంది.

పుట్టిన విలువ ఎటు పోతుందో చూద్దాం. సింగరేణి ప్రభుత్వ కంపెనీ. 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది, ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో. లాభాలు ఆ వాటాల ప్రకారం పోతాయి. బొగ్గు విలువలో 14 శాతం రాయల్టీ రాష్ట్ర ఖజానాకు చేరుతుంది. కరెంటు గ్రిడ్‌లో కలుస్తుంది. మంచి జీతాలున్న ఉద్యోగుల్లో చాలామంది పిల్లల చదువుల కోసం హనుమకొండలో ఇల్లు తీసుకుంటారు. జీతం భూపాలపల్లిలో పుట్టినా ఖర్చయ్యేది అక్కడ. ఊరికి మిగిలేవి బ్లాస్టింగ్‌కు నెర్రెలు బారే గోడలు, ఇళ్ల మీద పడే దుమ్ము, మట్టి గుట్టలు, రాత్రీపగలూ ఆగని బొగ్గు లారీలు. ఇన్ని టన్నుల బొగ్గు బయటికి పంపే ఈ జిల్లా కేంద్రానికి ఇప్పటికీ ప్రయాణికుల రైలు లేదు. రామగుండం నుంచి మణుగూరుకు రైలు మార్గం వేస్తే భూపాలపల్లి మీదుగా వస్తుందని దశాబ్దాలుగా వింటున్నాం. ప్రాణం మీదికొస్తే ఇవాళ్టికీ అరవై కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు మీద వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. 2023 సెప్టెంబరులో ఇక్కడ ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. అది నిజంగా పెద్ద మార్పు. కానీ కాలేజీ బోర్డు పెట్టినంత త్వరగా పెద్దాసుపత్రి తయారుకాదు.

ఉద్యోగాల సంగతి ఇంకా ముఖ్యం. 1990ల మొదట్లో సింగరేణి మొత్తంలో లక్షమందికి పైగా పనిచేసేవాళ్లు. ఇప్పుడు సుమారు నలభై వేలు. బొగ్గు మాత్రం అప్పటికంటే ఎక్కువే వస్తోంది. భూగర్భ గనిలో వందల మంది చేసే పనిని ఓపెన్‌కాస్టులో కొద్దిమంది, పెద్ద యంత్రాలు కలిసి చేస్తాయి. మీది మట్టి తీసే ఓబీ పనులు ప్రైవేటు కాంట్రాక్టర్ల చేతిలో ఉన్నాయి. భూమి పోయినవాడి కొడుకు అదే భూమి మీద కాంట్రాక్టు కూలీగా తేలడం బొగ్గు ఊళ్లలో అందరికీ తెలిసిన సంగతే. జిల్లా ఉత్పత్తి లెక్కకు ఇది తెలియదు. బొగ్గు పెరిగితే అంకె పెరుగుతుంది, కూలి తగ్గినా అంకె తగ్గదు.

ఇది మన ఒక్క జిల్లాలో జరిగే చోద్యం కాదు. నెదర్లాండ్స్‌లో గ్రోనింగన్ అనే ప్రాంతం ఉంది. 1959లో అక్కడ భూమిలో పెద్ద సహజవాయు నిక్షేపం బయటపడింది. గ్యాస్ విలువంతా ఆ ప్రాంతం పేరిట రాయడంతో ఐరోపా గణాంకాల్లో తలసరి ఉత్పత్తి మిక్కిలి ఎక్కువున్న ప్రాంతాల సరసన గ్రోనింగన్ చాలాకాలం నిలిచింది. డబ్బు దేశ ఖజానాకు, చమురు కంపెనీలకు పోయింది. గ్యాస్ తోడేకొద్దీ నేల కుంగి భూకంపాలు మొదలయ్యాయి. 2012లో హౌజింగే ఊరి దగ్గర 3.6 తీవ్రతతో వచ్చిన కుదుపు తర్వాత జనం ఊరుకోలేదు. గోడలు పగిలిన ఇళ్లవాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2023 అక్టోబరులో గ్యాస్ తీయడం ఆపేశారు. అంకెల్లో ధనికులు, ఇళ్లలో పగుళ్లు. చెల్పూరు రైతుకు, గ్రోనింగన్ రైతుకు భాష వేరైనా బాధ ఒకటే.

భూపాలపల్లి పేదదో కాదో తేల్చిన కాగితం ఇంకొకటి ఉంది. 2018 జనవరిలో కేంద్రం ఆకాంక్షిత జిల్లాల పథకం తెచ్చింది. ఆరోగ్యం, పోషణ, చదువు, వ్యవసాయం, మౌలిక వసతులు లాంటివి చూసి దేశంలో బాగా వెనుకబడిన జిల్లాలను ఎంచింది. తెలంగాణ నుంచి వచ్చినవి మూడు. కుమురం భీం ఆసిఫాబాద్, భద్రాద్రి కొత్తగూడెం, జయశంకర్ భూపాలపల్లి. మూడింటిలోనూ బొగ్గు ఉంది. అడవి ఉంది, ఆదివాసులున్నారు. వెనుకబడ్డ జాబితాకెక్కిన మూడు జిల్లాల్లోనూ రాష్ట్రానికి వెలుగునిచ్చే బొగ్గు ఉందంటే, దాన్ని కాకతాళీయం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

గోదావరి కథా అలాగే సాగింది. కాళేశ్వరం ఎత్తిపోతల పథకం మొదటి అడుగు ఈ జిల్లాలోనే పడింది. మహదేవపూర్ మండలంలో మేడిగడ్డ, అన్నారం బ్యారేజీలు, కన్నెపల్లి పంపుహౌస్. 2019 జూన్ 21న ప్రారంభమైంది. నీళ్లు ఎత్తింది ఇక్కడ, పారించాలనుకున్నది ఎగువన ఉన్న జిల్లాల్లో. బ్యారేజీ వెనక నిలిచిన నీళ్లతో పంటలు మునిగిన రైతులు ఈ ఒడ్డునా ఉన్నారు, మహారాష్ట్రలో సిరొంచ ఒడ్డునా ఉన్నారు. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ పిల్లర్లు కుంగాయి. దాని మీద విచారణలు, రాజకీయాలు చాలా నడిచాయి. ఆ గొడవలో మహదేవపూర్, కాటారం, మహాముత్తారం పొలాలకు ఎన్ని నీళ్లు వచ్చాయన్న ప్రశ్న మాత్రం ఎక్కడా గట్టిగా వినబడలేదు.

ఇక మానుకోట. కాగితాల్లో మహబూబాబాద్ అని రాసినా బస్సు కండక్టర్ నుంచి బడి పిల్లాడి దాకా మానుకోట అనే అంటారు. జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులు. మైదానంలో లంబాడా తండాలు, గూడూరు, కొత్తగూడ, గంగారం అడవి అంచుల్లో కోయ గూడేలు. ఈ జిల్లా బతుకు చూడాలంటే ఫిబ్రవరిలో మిర్చి కల్లం దగ్గర నిలబడాలి. పట్టాలు పరిచి ఎర్రగా ఆరబోసిన కాయ. తలకు తువ్వాల చుట్టుకుని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తాలు కాయ ఏరే ఆడవాళ్లు. ఘాటుకు కళ్లు మండుతుంటే నీళ్లు చల్లుకుని మళ్లీ కూర్చుంటారు. కాయ ఎంత ఆరిందో చేత్తో నలిపి గలగల చప్పుడును బట్టి చెప్పేస్తారు. తేమ ఎక్కువుంటే మార్కెట్లో ధర కోస్తారు, మరీ ఎండితే తూకం తగ్గుతుంది. ఆ రెండింటి మధ్య సరిగ్గా పట్టుకోవడం పెద్ద నేర్పు. రాత్రి మబ్బు పడితే ఇంటిల్లిపాదీ లేచి కుప్ప చేసి పట్టా కప్పాలి.

బస్తాలు కట్టిన సరుకులో ఎక్కువ భాగం వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కో ఖమ్మం మార్కెట్‌కో పోతుంది. పొద్దున్నే పాట మొదలవుతుంది. ఊళ్లో ఉన్నవాళ్లు ఫోన్ చేసి అడిగే మొదటి మాట ‘జెండా పాట ఎంత పోయింది?’ ఆ రోజు పలికిన అన్నిటికన్నా పై ధర అది. పత్రికల్లోనూ అదే వస్తుంది. ఆ ధర దక్కేది ఒకటి రెండు లాట్లకు. మిగిలినవాళ్ల సరుకు రంగు లేదనో, తాలు ఉందనో, తేమ ఉందనో వెయ్యీ రెండు వేలూ తక్కువకు పోతుంది. ఆ పైన అడ్తి కమీషన్, హమాలీ, దడువాయి, తరుగు. విత్తనాలకూ పురుగుమందులకూ ఉద్దెర ఇచ్చిన షావుకారికే సరుకు వేయాల్సిన రైతు అయితే ధర గురించి గట్టిగా మాట్లాడే వీలు కూడా ఉండదు.

ఒక ఎకరం లెక్క వేద్దాం. నారు నుంచి ఏరుడు కూలి దాకా పెట్టుబడి లక్షన్నర అవుతుంది, పురుగు ఎక్కువైతే ఇంకా దాటుతుంది. సొంత భూమి లేకపోతే కౌలు ఇంకో ముప్పై వేలు అనుకుందాం. పద్దెనిమిది క్వింటాళ్లు పండి, క్వింటాకు పన్నెండు వేలు వస్తే చేతికి రెండు లక్షల పదహారు వేలు. మార్కెట్ కోతలు పోను మిగిలేది ముప్పై వేల లోపు. ఆరేడు నెలలు ఇంటిల్లిపాదీ చేసిన చాకిరీకి అదే కూలి, అదే లాభం. 2023లో ఇరవై వేలు దాటి పలికిన తేజ రకం 2025 మొదట్లో పన్నెండు, పదమూడు వేల దగ్గరికి జారింది. మిర్చికి మద్దతు ధర లేదు. ఆ ఫిబ్రవరిలో పక్కనున్న ఆంధ్రప్రదేశ్ మిర్చికి కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించింది. పెట్టుబడితో పోలిస్తే అదీ అంతంతే.

దానికి ముందు 2021-22లో తామర పురుగు వచ్చింది. పువ్వులోనే దూరి పూతంతా రాల్చేసే కొత్త రకం పురుగు. మందు మీద మందు కొట్టారు, అప్పు మీద అప్పు తెచ్చారు, పంట నిలవలేదు. ఆ సీజన్‌లో ఈ జిల్లాలో మిర్చి రైతుల ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాయి. అందులో కౌలు రైతులున్నారు, తండాల యువకులున్నారు. కౌలుదారుకు తన పేరిట పట్టాదారు పాసుపుస్తకం ఉండదు. బ్యాంకు అప్పు ఉండదు, రైతుబంధు రాలేదు, రైతుబీమా వర్తించలేదు. పోడు భూములకు 2023 జూన్ చివర్లో పట్టాలిచ్చారు. చాలా కుటుంబాలకు అది ఊపిరి. ఇంకా రానివాళ్లు అటవీ శాఖతో గొడవ పడుతూనే ఉన్నారు.

మిర్చి తన అసలు విలువ పెంచుకునేది కల్లం దాటాక. కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర వచ్చేదాకా ఆగినవాడికి లాభం. కారం పట్టి ప్యాకెట్ చేసినవాడికి లాభం. తేజ మిర్చి నుంచి ఘాటు, రంగు వేరుచేసి ఓలియోరెజిన్ తీసి, ఎగుమతి చేసినవాడికి ఇంకా లాభం. చైనా దాకా పోయే ఈ సరుకు మీద పెరిగే ప్రతి రూపాయీ వరంగల్, ఖమ్మం, గుంటూరు లెక్కల్లోకి, అక్కడి నుంచి ఇంకా పైకి వెళుతుంది. మానుకోట లెక్కలో పడేది పొలం గట్టు మీది ధర. ఆ గట్టు దగ్గర వచ్చిన నష్టం మాత్రం ముక్కకు ముక్క ఇక్కడే ఉండిపోతుంది.

బయ్యారం మాట లేకుండా మానుకోట కష్టం పూర్తికాదు. కాకతీయ గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ తవ్వించిన పెద్ద చెరువు ఉన్న ఊరు, కాకతీయుల వంశక్రమం తెలిపిన శాసనం దొరికిన ఊరు. కొండల్లో ఇనుప రాయి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో ఆ గనులను ఒక ప్రైవేటు కంపెనీకి కట్టబెడితే పెద్ద ఆందోళన జరిగి ఒప్పందం రద్దయింది. తర్వాత విశాఖ ఉక్కుకు కేటాయిస్తే, ‘బయ్యారం ఉక్కు తెలంగాణ హక్కు’ అంటూ మళ్లీ ఊళ్లు కదిలాయి. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం 13వ షెడ్యూలులో ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం పెట్టే వీలుందేమో ఆరు నెలల్లో తేల్చాలని సెయిల్‌కు చెప్పారు. అప్పటికి బయ్యారం ఖమ్మం జిల్లాలో ఉంది. 2016లో మహబూబాబాద్‌లోకి వచ్చింది. జిల్లా మారింది, ఫ్యాక్టరీ రాలేదు. రాయిలో ఇనుము శాతం తక్కువ, గిట్టుబాటు కాదు అన్నది కేంద్రం మాట. ఆ మాటలో సాంకేతిక నిజం ఉండవచ్చు. అయినా చట్టంలో రాసి, ఎన్నిక వచ్చినప్పుడల్లా శంకుస్థాపన ఆశ చూపి, పదేళ్లకు పైగా ఒక తరం యువకులను ఎదురుచూపుల్లో ఉంచడం ఘోరం. ఇనుము కుదరకపోతే ఏం కుదురుతుందో చెప్పాల్సిన బాధ్యత ఉంది. అది ఎవరూ చెప్పలేదు. పక్కనే ఉన్న కాజీపేటకు 1980లలో చెప్పిన కోచ్ ఫ్యాక్టరీ కపూర్తలాకు పోయిన సంగతి ఇక్కడి పెద్దవాళ్లెవరూ మరిచిపోలేదు. ఆ కాజీపేటలో రైల్వే వ్యాగన్ల తయారీ కేంద్రానికి శంకుస్థాపన జరగడానికి 2023 జులై దాకా పట్టింది.

జనగామకు బొగ్గు లేదు, ఇనుము లేదు, నది లేదు. గోదావరి, కృష్ణా పరీవాహకాల మధ్య మిట్ట మీద ఉన్న నేల. బోరు ఎంత లోతు వేస్తే అంత అప్పు. హైదరాబాద్‌కు 85 కిలోమీటర్లు. ఆ దగ్గరితనమే ఈ జిల్లాకు వరమూ అయింది, శాపమూ అయింది. పొద్దున బండి కోసం జనగామ స్టేషన్‌లో నిలబడితే తెలుస్తుంది. సీజన్ పాస్ జేబులో, టిఫిన్ డబ్బా చేతిలో. తాపీ పనివాళ్లు, సెక్యూరిటీ గార్డులు, షాపుల్లో పనిచేసే ఆడపిల్లలు, ప్రైవేటు ఆసుపత్రుల నర్సులు, డెలివరీ పని చేసే కుర్రాళ్లు. ఇంకా చాలామంది రోజూ తిరగలేక ఉప్పల్, బోడుప్పల్, ఘట్‌కేసర్ వైపే గది తీసుకుని ఉండిపోయారు. బతుకమ్మకో సంక్రాంతికో ఊరికొస్తారు. వీళ్లు కట్టిన గోడ, కాపలా కాసిన గేటు, మోసిన పార్శిల్, అన్నీ హైదరాబాద్, మేడ్చల్, రంగారెడ్డి ఉత్పత్తిగా నమోదవుతాయి. ఊళ్లో మిగిలిన ముసలివాళ్లు మాత్రం జనగామ జనాభాగా నమోదవుతారు. ఇంటికి పంపే డబ్బు ఈ లెక్కలో ఎక్కడా కనబడదు. అది వస్తున్నది కాబట్టే ఊళ్లో పొయ్యి వెలుగుతోంది.

కొడకండ్ల నేతన్నలు హైదరాబాద్ దాకా ఆగలేదు. సూరత్, భివండీ వెళ్లి మరమగ్గాల మీద పనిచేశారు. పెంబర్తి ఇత్తడి పనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాకతీయుల కాలం నుంచి చేతిలో ఉన్న విద్య, హైవే పక్కనే ఊరు. అయినా రేకు ధర, దళారీ కమీషన్ పోను పనివాడికి మిగిలేది తక్కువై కొత్త తరం సుత్తి పట్టడం లేదు.

ఈ మెట్ట నేలకు నీళ్లిస్తామని మొదలుపెట్టింది దేవాదుల ఎత్తిపోతల. 2004లో పనులు మొదలయ్యాయి. ఏటూరునాగారం దగ్గర గంగారం వద్ద గోదావరి నుంచి 38 టీఎంసీలు తోడి, గుట్టలెక్కించి, ధర్మసాగర్ మీదుగా గండిరామారం, బొమ్మకూరు, నవాబుపేట, అశ్వరావుపల్లి రిజర్వాయర్లు నింపి ఆరు లక్షల ఎకరాలకు పైగా తడపాలన్నది ఆలోచన. మొదటి అంచనా 6,016 కోట్లు. 2016 నాటికి అది 13,445 కోట్లకు చేరింది. మూడో దశలోని దేవన్నపేట పంపులు నీళ్లెత్తింది 2025 మార్చిలో. అంటే ఇరవయ్యేళ్ల తర్వాత. నీళ్లు వచ్చిన ఊళ్లలో వరి కోతలు, చెరువులో చేపలు చూస్తే కడుపు నిండుతుంది. అదే కాలువ ఆఖరు ఊళ్లలో, తవ్వి వదిలేసిన పిల్ల కాలువల్లో సర్కారు తుమ్మ మొలిచింది. ప్రాజెక్టు మొదలైన ఏడాది పుట్టిన పిల్లాడు ఇవాళ ఉప్పల్‌లో బైక్ మీద అన్నం పొట్లాలు అందిస్తున్నాడు. నీళ్లు రేపు వచ్చినా అతను తిరిగి వస్తాడన్న నమ్మకం నాకు లేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ ఆలస్యమే.

పండిన పంట ఎవరిది అని దేశానికి వినబడేలా అడిగిన నేల ఇది. పాలకుర్తి చాకలి ఐలమ్మ విస్నూరు దేశ్‌ముఖ్ మనుషులకు తన పంట దక్కనివ్వలేదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు నేలకొరిగాడు. అప్పుడు పంట ఎత్తుకుపోయే బండ్లు ఊరి దాకా వచ్చేవి. వాటిని ఎదురుగా నిలబడి ఆపగలిగారు. ఇప్పుడు ధర రూపంలో, రాయల్టీ రూపంలో, వలస రూపంలో పోయేదాన్ని ఎక్కడ నిలబడి ఆపాలో ఊరికి తెలియడం లేదు.

లెక్కలతో పోరాడటం తెలంగాణకు కొత్త కాదు. హైదరాబాద్‌ను కలిపి చూపిస్తే తెలంగాణ బాగున్నట్టు కనిపిస్తుంది, విడదీసి చూడండి అని ఉద్యమకాలమంతా వాదించాం. 2010 డిసెంబరులో వచ్చిన శ్రీకృష్ణ కమిటీ నివేదిక కూడా హైదరాబాద్‌తో ఒకసారి, హైదరాబాద్ లేకుండా ఒకసారి లెక్క చూపాల్సి వచ్చింది. నీళ్లలో, నిధుల్లో, కొలువుల్లో వాటా ఎంత అని ఊరూరా విడమరిచి చెప్పినవారు ప్రొఫెసర్ జయశంకర్. భూపాలపల్లి జిల్లాకు పెట్టింది ఆయన పేరే. రాష్ట్రం వచ్చాక అదే ప్రశ్న రాష్ట్రం లోపల అడగడం మానేశాం. ఆయన పేరున్న జిల్లా గురించి కూడా అడగడం లేదు.

2016 అక్టోబరు 11న దసరా రోజు పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి. ముసాయిదాలో లేని జనగామను బంద్‌లు, నిరసనలు చేసి సాధించుకున్నారు. 2019లో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. జనగామలో 2022లో, మహబూబాబాద్‌లో 2023లో కొత్త కలెక్టరేట్ భవనాలు ప్రారంభమయ్యాయి. మూడు జిల్లాలకూ మెడికల్ కాలేజీలు వచ్చాయి. సర్టిఫికెట్ కోసం వరంగల్ వెళ్లే బాధ తప్పింది. ఇవి చిన్న విషయాలు కావు. కానీ ఆఫీసు వచ్చిన చోట ఫ్యాక్టరీ రాలేదు. ప్లాట్ల ధరలు పెరిగాయి, కూలి దొరికే రోజులు పెరగలేదు.

చేయగలిగినవి ఉన్నాయి. అర్థ గణాంక శాఖ జిల్లా ఉత్పత్తితోపాటు, ఆ జిల్లాలోని కుటుంబాల చేతికి నిజంగా అందిన ఆదాయం ఎంతో సర్వే చేసి పక్కన చూపాలి. వలసవాళ్లు పంపే డబ్బు ఎంతో తేల్చాలి. మానుకోటలో, కేసముద్రంలో ప్రభుత్వ కోల్డ్ స్టోరేజీలు, కారం మిల్లులు, రైతు సంఘాల చేతిలో నడిచే ఎగుమతి కేంద్రం ఒకటి కావాలి. ఇందుకు ఇనుప గనిలో ఉన్నంత సాంకేతిక చిక్కు ఏదీ లేదు. దేవాదుల పిల్ల కాలువలకు ఈ ఏడు ఇంత, వచ్చే ఏడు ఇంత అని ఊరి పేరుతో సహా డబ్బు కేటాయించాలి. బయ్యారం మీద చివరి మాట రాతపూర్వకంగా చెప్పాలి. కాదంటే దాని బదులు ఏమిస్తారో అదే కాగితంలో రాయాలి.

భూపాలపల్లికి ఒక ఆయుధం ఇప్పటికే చట్టంలో ఉంది. 2015 నుంచి జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు అమల్లో ఉంది. పాత గనుల రాయల్టీపై 30 శాతం, కొత్త గనులపై 10 శాతం అదనంగా ఈ ట్రస్టుకు జమ కావాలి. గనుల వల్ల నష్టపోయిన ఊళ్ల కోసమే ఆ డబ్బు. తాగునీరు, వైద్యం, చదువు, కాలుష్య నివారణ లాంటి పనులకే ఎక్కువ భాగం, కనీసం 70 శాతం ఖర్చు చేయాలని కేంద్రం మార్గదర్శకాల్లో రాశారు. ఏ ఊరికి ఎంత, ఏ పనికి ఎంత అన్నది ఆడిట్ చేయించి ప్రజల ముందు పెట్టాలనీ ఉంది. గోడలు పగిలిన ఊళ్ల గ్రామసభల్లో ఈ లెక్క చదివి వినిపించమని అడగండి. మీ ఊరి పేరు ఆ జాబితాలో లేకపోతే ఎందుకు లేదో రాసి ఇవ్వమనండి. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు చాలు.

జనగామ, స్టేషన్ ఘన్‌పూర్, పాలకుర్తి, మహబూబాబాద్, డోర్నకల్, భూపాలపల్లి ఎమ్మెల్యేలతోపాటు బయ్యారం, గార్ల ఓట్లు పడే ఇల్లందు ఎమ్మెల్యేకూ, మహదేవపూర్, కాటారం ఓట్లు పడే మంథని ఎమ్మెల్యేకూ ఒక విన్నపం. వచ్చే బడ్జెట్ సమావేశాల్లో ఔట్‌లుక్ పుస్తకం మీ బల్ల మీదికి వస్తుంది. రాష్ట్రం తలసరి ఎంత పెరిగిందని సభలో చదువుతారు. ఆ పేజీ చదివాక జిల్లాల పట్టిక ఉన్న పేజీ తెరిచి, ఈ మూడు జిల్లాల పేర్లు సభ రికార్డులోకి ఎక్కేలా పైకి చదవండి.